బైబిల్లో చిక్కు వచనం ఎదురైతే ఎలా చదవాలి

చిక్కు వచనం కనబడగానే కొందరు చూడనట్టు పేజీ తిప్పేస్తారు. ఇంకొందరు చేతికందిన జవాబుతో సర్దేస్తారు. ఎక్కువ నష్టం రెండోదానితోనే. ఆ జవాబు తప్పని తేలిన రోజున, విన్నవాళ్లకు బైబిలు మీదే నమ్మకం సడలుతుంది. పౌలు పత్రికల్లో గ్రహించడానికి కష్టమైన సంగతులు కొన్ని ఉన్నాయని పేతురే రాశాడు (2 పేతురు 3:16). కష్టంగా ఉందని ఒప్పుకుంటే అవిశ్వాసం అయిపోదు.

రిఫరెన్సులున్న ఓవీ (పాత తెలుగు అనువాదం) బైబిలు, వాడుక భాషలో ఉన్న మరో అనువాదం, ఒక నోటుబుక్ దగ్గర పెట్టుకోండి. ముందుగా చిక్కు ఎక్కడుందో తేల్చుకోండి: అంకెలోనా, మాటలోనా, జరిగిన పనిలోనా? ఒక్కోదానికి ఒక్కో దారి.

అంకె అయితే అదే సంగతి రాసిన మరో పుస్తకం తెరవండి. యూదా దేశపు రాజు అహజ్యా రాజయ్యేనాటికి 22 ఏళ్లవాడని 2 రాజులు 8:26 చెబుతుంది. హెబ్రీ ప్రతుల్లో 2 దినవృత్తాంతములు 22:2 మాత్రం 42 అంటుంది. ఇక్కడే ఆగిపోకుండా ఒక అధ్యాయం వెనక్కి వెళ్లండి. తండ్రి యెహోరాము 32వ ఏట రాజై 8 ఏళ్లు ఏలాడు (21:5, 20). అంటే పోయేనాటికి ఆయనకు 40. ఆ వెంటనే సింహాసనమెక్కిన కొడుక్కి 42 ఉండవు కదా! పైగా యెహోరాము కొడుకుల్లో ఇతడే చిన్నవాడు. ప్రాచీన సిరియా అనువాదంలోనూ 22 అనే ఉంది. నకలు రాసేటప్పుడు అంకె మారిందని చెప్పడానికి ఈ ఆధారాలు చాలు. ఆ పొరపాటును పట్టిచ్చింది లేఖనమే అన్నది గమనించండి. 42ను ఎలాగైనా నిలబెట్టాలని కొత్త లెక్కలు కట్టకండి.

మాట దగ్గర చిక్కొస్తే, ఆ మాట బైబిల్లో ఇంకెక్కడ వచ్చిందో వెతకండి. తల్లిదండ్రుల్ని ద్వేషించనివాడు తన శిష్యుడు కాలేడని యేసు అన్న మాట (లూకా 14:26) చాలామందికి గుచ్చుకుంటుంది. ఆదికాండము 29:30 చూడండి. యాకోబు లేయా కంటే రాహేలును ఎక్కువగా ప్రేమించాడని ఉంది. తర్వాతి వచనమే లేయా ద్వేషింపబడిందంటుంది. ప్రేమలో రెండో చోటుకు నెట్టడాన్ని కూడా హెబ్రీ వాడుకలో అలా అంటారన్నమాట. మత్తయి 10:37లో ఇదే బోధ ‘నాకంటె ఎక్కువగా’ అన్న రూపంలో ఉంది. అలాగని దాన్ని మరీ మెత్తబరచకండి, ఆయన అడిగింది మొదటి స్థానాన్నే.

ఇక పనులు. యుద్ధంలో గెలిస్తే తన ఇంటి నుంచి ఎదురొచ్చేదాన్ని దహనబలిగా అర్పిస్తానని యెఫ్తా మొక్కుకున్నాడు, ఎదురొచ్చింది కూతురే. ఆ మొక్కుబడి (న్యాయాధిపతులు 11) చదివితే మనసు కలుక్కుమంటుంది. గ్రంథంలో రాసి ఉన్నంత మాత్రాన దేవుడు మెచ్చినట్టు కాదు. ప్రతివాడూ తనకిష్టమొచ్చినట్టు నడిచాడన్న మాటతో ఆ పుస్తకం ముగుస్తుంది. హెబ్రీ 11:32 యెఫ్తాను విశ్వాసుల వరుసలో చెప్పినా, ఆ మొక్కుబడి ఊసెత్తదు.

నోటుబుక్‌లో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు ‘రాసి ఉన్నది’, కుడివైపు ‘మన ఊహ’. యేసును అప్పగించిన యూదా ఇస్కరియోతు ఉరేసుకున్నాడని మత్తయి 27:5 అంటుంది. తలక్రిందుగా పడ్డాడని, నడుమ బద్దలైందని అపొస్తలుల కార్యములు 1:18 చెబుతుంది. ఈ రెండూ ఎడమవైపు రాయాలి. ఉరేసుకున్నాక శరీరం కిందపడి ఉంటుందన్న పాత వివరణ కుదురుతుంది గానీ, వచనంలో లేదు. దాని చోటు కుడివైపే. బైబిలు స్టడీలో చెప్పేటప్పుడు కూడా ఈ తేడా విప్పి చెప్పండి.

ఒక్కో భాగానికి వారం ఇవ్వండి. మొదటి రెండు రోజులు వ్యాఖ్యానాలు ముట్టకుండా ముందూ వెనకా ఒక్కో అధ్యాయం చదవండి. వారమైనా తేలకపోతే ప్రశ్నను తేదీతో రాసి, కింద సగం పేజీ ఖాళీగా వదలండి. మళ్లీ ఆ పుస్తకం చదివే వంతు వచ్చినప్పుడు ముందుగా ఆ పేజీ తెరవండి.