ఎం.ఎస్. అవునో కాదో తేలేదాకా

"మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చు, కొన్నాళ్లు చూద్దాం" అని నరాల డాక్టరు అన్నాక ఆ కొన్నాళ్లు నెలలవుతాయి, ఒక్కోసారి ఏళ్లు కూడా. ఎం.ఎస్. అని పిలిచే ఈ జబ్బులో ఒంటి రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాము నరాల పొరను దెబ్బతీస్తుంది. దీన్ని ఒక్క రక్తపరీక్ష తేల్చలేదు. మెదడు, వెన్నుపాము, కంటి నరం లాంటి చోట్లలో ఒకటికి మించి, సాధారణంగా వేర్వేరు సమయాల్లో దెబ్బతిన్నాయని రుజువు కావాలి. అదే రూపంలో వచ్చే వేరే జబ్బులు కావనీ తేలాలి. ఎం.ఎస్.ను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలను 2017లో సవరించారు. వాటి ప్రకారం, ఎంఆర్ఐలో మచ్చలు తగిన చోట్ల ఉండి, వెన్ను నీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (యాంటీబాడీల గీతలు) కూడా కనబడితే రెండో దాడి, అంటే లక్షణాలు మళ్లీ కొత్తగా రావడం, దాకా ఆగక్కర్లేదు. అందుకే వెన్ను నీరు తీస్తామంటే భయపడి వాయిదా వేయకండి. అదే రోజు రక్తం కూడా పంపుతున్నారా అని మాత్రం అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ పరీక్షకు అర్థం.

ఈలోగా మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఒక నోటు పుస్తకం. ఏ తేదీన, ఏ వైపు, ఏమైంది, ఎన్ని గంటలు ఉంది, అప్పుడు జ్వరం ఉందా అన్నది రాయండి. 24 గంటలు దాటి, జ్వరం లేకుండా నిలిచిన తిమ్మిరినో చూపు మసకనో డాక్టరు దాడిగా లెక్కిస్తారు. "అప్పుడప్పుడూ కాలు లాగుతుంది" అంటే ఆయన చేయగలిగింది తక్కువ. "మార్చి 3 నుంచి 11 దాకా కుడి కాలు మోకాలి కింద మొద్దుబారింది" అంటే పని జరుగుతుంది. వారానికోసారి ఒక కన్ను మూసి, రెండో కంటితో ఎర్ర మిరపకాయను చూడండి. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టుంటే రాసుకుని డాక్టరుకు చూపండి. వరండాలో 25 అడుగులు సుద్దతో గీసి, ఎన్ని సెకన్లలో నడిచారో నెలకోసారి నోట్ చేయండి.

అన్నిటికంటే ఎక్కువ చెడేది పరీక్షల వరుస దగ్గర. బీ12 విటమిన్ లోపం కూడా ఇలాంటి లక్షణాలే తెస్తుంది, కానీ బీ12 ఇంజెక్షన్లు వేయించేసుకున్నాక రక్తపరీక్ష చేస్తే ఆ లోపం దాగిపోతుంది. స్టెరాయిడ్ ఎక్కించాక తీసిన ఎంఆర్ఐలో రంగు మందు పట్టే కొత్త మచ్చలు మసకబారవచ్చు. వీలైతే ముందే తీయించండి, చూపు పోతుంటే మాత్రం వైద్యం ఆపొద్దు. మెదడొక్కటే కాదు, వెన్ను స్కాన్ కూడా అవసరమా అని అడగండి. ఎన్.ఎం.ఓ. (కంటి నరాన్ని, వెన్నుపామును దెబ్బతీస్తూ ఎం.ఎస్.లా కనబడే వేరే జబ్బు) కోసం ఏక్యూపీ4, దానితోపాటు మాగ్ (MOG) యాంటీబాడీల రక్తపరీక్షలు తప్పక అడగండి. ఎన్.ఎం.ఓ. ఉన్నవాళ్లకు ఎం.ఎస్. మందులు కొన్ని హాని చేస్తాయి, అందుకే ఈ తేడా అంత ముఖ్యం.

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో చెన్నై, వేలూరు, తిరుపతి, హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఫిల్ములతో సరిపెట్టకండి. స్కాన్ బొమ్మలు అసలు రూపంలో ఉండే డైకామ్ సీడీ అడిగి తీసుకుని, ఇంట్లో దాని కాపీ ఉంచండి. పాత బొమ్మ పక్కన పెడితేనే కొత్త మచ్చ తెలుస్తుంది. బయలుదేరే ముందు, తర్వాతి ఎంఆర్ఐ ఎప్పుడు, ఏ లక్షణం వస్తే ముందే రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్న మూడింటికీ జవాబు రాయించుకోండి.

రోహిణి కార్తె ఎండలో పాత లక్షణాలు తిరగబెడతాయి. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరంలో సంకేతం సరిగా పోదు. చల్లబడ్డాక కొన్ని గంటల్లో తగ్గిపోతే అది కొత్త దాడి కాదు. బయటి పనులు ఉదయం ఎనిమిదిలోపు ముగించండి. మెడ మీద తడి తువ్వాలు వేసుకోండి, చల్లని మజ్జిగ తాగండి.

చూపు పడిపోతున్నా, కాళ్లు రెండూ బలం తప్పినా, మూత్రం రాక కట్టుకుపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

రిపోర్టులు ఏమీ తేల్చకపోతే చుట్టాలు "అంతా నీ భ్రమ" అంటారు. ఆ మాట మనిషిని లోపల్లోపల నలిపేస్తుంది. తేలకపోవడం వేరు, లేకపోవడం వేరు అని వాళ్లకు ఒక్కసారి నోటు పుస్తకం చూపించి చెప్పండి. నిద్ర పట్టక అర్ధరాత్రి గుబులు పెరిగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. పసరు మందులతో ఖాయంగా నయం చేస్తామనేవాళ్లకు మాత్రం ఈ కాలంలో డబ్బు కట్టకండి. లక్షణాలు వాటంతటవే తగ్గే స్వభావం ఈ జబ్బుకుంది, ఆ తగ్గుదలనే వాళ్లు తమ గొప్పగా చెప్పుకుంటారు.