స్టీరియో సౌండ్ నిండుగా రావట్లేదా? కొత్త స్పీకర్లు కొనేముందు ఇవి చూడండి

తబలా వినిపిస్తుంది, డగ్గా వినిపించదు. గొంతు వస్తుంది, దానికి ఉండాల్సిన బరువు రాదు. బాక్సులు చూస్తే పెద్దవే, యాంప్లిఫైయర్ కూడా నిక్షేపంగా పనిచేస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు బేస్ నాబ్‌ని చివరిదాకా తిప్పేస్తారు, తర్వాత కొత్త స్పీకర్ల రేట్లు వెతుకుతారు. నన్నడిగితే స్పీకర్‌ని అనుమానించడం చివర చేయాల్సిన పని. దానికంటే ముందు వైర్లు, గది, మనం కూర్చునే చోటు, సెట్టింగులు ఉన్నాయి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చుండదు కాబట్టి ఆ వరసలోనే చూద్దాం.

బేస్ అసలే లేదు, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియట్లేదు

రెండు బాక్సుల్లో ఒకదానికి ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. అలా అయితే ఒక వూఫర్ (బాక్సులో బేస్ పలికించే పెద్ద స్పీకర్) ముందుకొచ్చే క్షణంలో రెండోది వెనక్కి పోతుంది. ఒకటి తోసిన గాలిని ఇంకోటి లాగేసుకోవడంతో కింది స్వరాలు గదిలోనే రద్దయిపోతాయి. పై స్వరాల మీద దీని ప్రభావం అంతగా తెలియదు. అందుకే పాట మొత్తం ఆగిపోకుండా, పల్చగా, డొల్లగా వినిపిస్తుంది. ఒక బాక్సు దగ్గరికి వెళ్తే బేస్ ఉండి, రెండింటికీ మధ్యలోకి రాగానే మాయమైతే అనుమానం దాదాపు ఖాయం.

దీన్ని పట్టుకోవడానికి పాత పాటే మంచి సాధనం. 1950లు, 60ల నాటి తెలుగు సినిమా పాటలు మోనో రికార్డింగులు. అంటే రెండు బాక్సుల్లోకీ వెళ్లేది ఒకే సిగ్నల్. రెండింటికీ సమాన దూరంలో కూర్చుని అలాంటి పాట పెట్టండి. గాయకుడి గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి, అక్కడ మూడో బాక్సు ఉందేమో అన్నట్టు రావాలి. అలా రాకుండా గొంతు గదంతా పరుచుకుని, ఎక్కడా నిలబడకపోతే వైర్లు తారుమారైనట్టే. యాంప్లిఫైయర్ ఆఫ్ చేసి, ఒక్క బాక్సు దగ్గర మాత్రమే రెండు వైర్లూ అటుదిటు మార్చండి. ఉత్సాహంలో రెండు బాక్సులకీ మారిస్తే మళ్లీ మొదటికే వస్తారు.

ఇల్లు కట్టేటప్పుడే వైర్లు గోడలోంచి లాగేసి, రెండూ ఒకే రంగువైతే? యాంప్లిఫైయర్ వైపు వైర్లు ఊడదీసి, ఒక పెన్సిల్ సెల్‌ని ఆ కొసలకి అర సెకను తాకించండి. వూఫర్ టక్కున ముందుకో వెనక్కో కదులుతుంది. రెండో బాక్సుకి కూడా సెల్ ప్లస్సుని ఏ వైరుకి తాకిస్తే కోన్ (వూఫర్‌లో కదిలే గిన్నెలాంటి భాగం) అదే దిక్కుకి కదులుతుందో కనిపెట్టి, ఆ రెండు వైర్లకీ గుర్తుగా టేపు చుట్టండి. సెల్‌ని అలాగే పట్టుకుని ఉండకండి.

వైరు దగ్గరే ఉన్నాం కాబట్టి ఇంకో మాట. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మామూలు హాలుకి సరిపోతుంది. దూరం మరీ ఎక్కువైతే 2.5 తీసుకోండి. మీటరుకి వేలు పోసి కొనే కేబుల్ వల్ల సౌండ్ నిండుతుందంటే నేను నమ్మను. కానీ సముద్రం దగ్గరి ఊళ్లలో వైరు కొసలకి చిలుము పట్టడం మాత్రం నిజమైన ఇబ్బంది. పచ్చబడిన కొసని అంగుళం మేర కత్తిరించి, కొత్త రాగి కనపడేలా తొక్క తీసి, గట్టిగా మెలేసి బిగించండి.

గొంతు మాయమై మ్యూజిక్ మాత్రమే వస్తోంది

ఇది విన్నప్పుడు ఏ దెయ్యం పట్టిందో అనిపిస్తుంది గానీ, కారణం ఫోన్‌నీ యాంప్లిఫైయర్‌నీ కలిపే కేబుల్ జాక్. అది సగమే దూరినా, లోపల గ్రౌండ్ తీగ తెగినా, కుడి ఎడమ చానెళ్ల మధ్య తేడా మాత్రమే బయటికి వస్తుంది. గొంతు, బేస్ సాధారణంగా రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటాయి కాబట్టి అవే ఎగిరిపోతాయి. జాక్‌ని టక్కుమనేదాకా నొక్కండి. ఫోన్ కవర్ అడ్డు పడుతోందేమో చూడండి. అప్పటికీ అంతే ఉంటే కేబుల్ మార్చేయండి.

గోడ పక్కన బేస్ దద్దరిల్లుతోంది, సోఫాలో కూర్చుంటే ఏమీ లేదు

అసలు కథంతా ఇక్కడే ఉంది. మన ఇళ్లకి ఇటుక గోడలు, పైన ఆర్‌సీసీ స్లాబు. కింది స్వరాలు గోడ దాటి బయటికి పెద్దగా పోలేవు. తిరిగొచ్చిన అలలు, వెళ్తున్న అలలు కలిసి కొన్ని చోట్ల బేస్‌ని రెట్టింపు చేస్తాయి, కొన్ని చోట్ల పూర్తిగా మింగేస్తాయి.

లెక్క చూడండి. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. గది పొడవు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లయితే, ఎదురెదురు గోడల మధ్య మొట్టమొదట సరిగ్గా ఇమిడి మోగే స్వరం 47 హెర్ట్జ్ (సెకనుకి 47 కంపనాలు) దగ్గర. ఆ స్వరం గోడల దగ్గర బలంగా ఉండి, సరిగ్గా గది మధ్యలో దాదాపు సున్నా అవుతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్‌లో పలుకుతుందని గుర్తుంచుకుంటే, గది మధ్యలో కుర్చీ వేసుకున్నవాడికి ఏం పోతుందో అర్థమవుతుంది. వెనక గోడకి ఆనించిన సోఫాలో దీనికి పూర్తి వ్యతిరేకం. అక్కడ బేస్ గుంయ్‌మంటూ గొంతుని కప్పేస్తుంది.

బేస్ ఎక్కువున్న పాట ఒకటి పెట్టి గదంతా మెల్లగా నడవండి. ఎక్కడ నిండుగా ఉందో, ఎక్కడ ఖాళీగా ఉందో చెవే చెబుతుంది. సోఫాని వెనక గోడ నుంచి రెండడుగులు ముందుకి జరిపినా చాలాసార్లు తేడా తెలుస్తుంది. చోటుంటే కూర్చునే చోటు వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దూరంలో ఉండేలా మొదలుపెట్టండి. టీవీ ఏ గోడకి ఉండాలో ఇంట్లో వాస్తు నిర్ణయిస్తుంది గానీ, సోఫా విషయంలో ఇంకా కాస్త స్వేచ్ఛ ఉంటుంది.

ఇక బాక్సుల సంగతి. బాక్సు వెనకున్న గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం, నేరుగా వచ్చే శబ్దానికి ఎదురు పడే స్వరం ఒకటుంటుంది. వూఫర్‌కీ గోడకీ దూరం 3 అడుగులైతే అది 94 హెర్ట్జ్ దగ్గర. మగ గొంతులోని గాంభీర్యం, డ్రమ్ముల దెబ్బలోని బలం ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కాబట్టి పల్చగా ఉంటే బాక్సుని గోడవైపు జానెడు జానెడు చొప్పున జరుపుతూ వినండి. గోడకి దగ్గరయ్యేకొద్దీ బేస్ పెరుగుతుంది, మూలకి నెడితే ఇంకా పెరుగుతుంది. పాట మొత్తం ఒకే స్వరంలో బొయ్యిమంటుంటే కాస్త ముందుకి లాగండి. వెనక గోడ, పక్క గోడ రెండింటికీ ఒకే దూరం రాకుండా చూసుకోండి, లేకపోతే రెండు గోడలూ కలిసి అదే స్వరాన్ని మింగుతాయి.

షోకేసులో బొమ్మల మధ్య దూర్చిన బాక్సుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బయటికి తీయండి. వెనకవైపు గాలి రంధ్రం ఉన్న బాక్సయితే మరీను. బీరువా మీద పెట్టినా అంతే. ట్వీటర్ (పై స్వరాలు పలికించే చిన్న స్పీకర్) మన చెవి ఎత్తుకి రావాలి. రెండు బాక్సుల మధ్య ఎంత దూరం ఉందో, ఒక్కో బాక్సు నుంచి మనకి కూడా సుమారు అంతే ఉంటే మంచిది.

వాల్యూమ్ పెంచితే గోలగా, చెవికి పొడుచుకున్నట్టుగా ఉంది

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు తర్వాత ర్‌ర్‌మంటూ సన్నటి మోత సాగితే బేస్ తగ్గలేదు, పై స్వరాలే ఎక్కువయ్యాయి. టైల్సు, గ్రానైట్, ఉత్త గోడలు, గాజు తలుపులు వాటిని అటూ ఇటూ ఆడిస్తున్నాయి. బాక్సులకీ సోఫాకీ మధ్య నేలమీద మందపాటి తివాచీ, కిటికీకి మడతలు మడతలుగా వేలాడే బరువైన కర్టెన్, ఒక గోడకి పుస్తకాల బీరువా ఉంటే సౌండ్ సమతూకానికి వస్తుంది. గుడ్లు పెట్టే అట్టలు గోడలకి అంటించమనే సలహా పాటించకండి. వాటితో ఒరిగేది చాలా తక్కువ, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం.

రాత్రిపూట తక్కువ సౌండ్‌లో పెడితే మాత్రమే పల్చగా ఉంది

అప్పుడు స్పీకర్ తప్పూ కాదు, గది తప్పూ కాదు. తక్కువ శబ్దంలో మన చెవికి కింది స్వరాలు అంతగా ఆనవు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మున్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. యాంప్లిఫైయర్ మీద లౌడ్‌నెస్ అనే బటన్ ఉన్నది ఇందుకే. రాత్రి నొక్కండి, పొద్దున వాల్యూమ్ పెంచినప్పుడు తీసేయండి. ఆ బటన్ లేకపోతే బేస్ నాబ్ రెండు గీతలు పెంచినా చాలు.

అట్టపెట్టె మీద పీఎంపీఓ అని వేలల్లో రాసే వాట్లని పట్టించుకోకండి. అవి ఒక్క క్షణం లెక్కలు. యాంప్లిఫైయర్ ఎడతెగకుండా ఇవ్వగల శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ అంకె ఒక్కటే చూడాలి. అది రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే, అంటే వినడానికి కాస్త పెరిగినట్టు మాత్రమే.

సబ్‌వూఫర్ కొన్నాం, అయినా పాట నిండలేదు

4 అంగుళాల వూఫర్ ఉన్న చిన్న బాక్సులకి సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే విడి బాక్సు) అవసరమే. అంతే శబ్దంలో స్వరం సగానికి దిగాలంటే కోన్ నాలుగింతలు కదలాలి, చిన్న కోన్‌కి అంత శక్తి ఉండదు. అయితే సబ్‌వూఫర్‌ని ఖాళీగా ఉన్న మూలలో పెట్టేసి వదిలేస్తే లాభం లేదు. దాన్ని తాత్కాలికంగా మీరు కూర్చునే సోఫా దగ్గర పెట్టి, పాట వేసి, గోడల వెంబడి వంగి నడుస్తూ వినండి. బేస్ ఎక్కడ స్పష్టంగా, సమంగా వినిపిస్తే సబ్‌వూఫర్ చోటు అదే. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. క్రాసోవర్‌ని (సబ్‌వూఫర్ ఏ స్వరం నుంచి కిందికి పలకాలో చెప్పే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, కోన్ కదలికని తిరగేసే వెనకున్న ఫేజ్ స్విచ్‌ని 0కీ 180కీ మార్చి చూసి, సోఫాలో ఎటు నిండుగా ఉంటే అటే ఉంచండి.

ఒక బాక్సు మూగగా లేదా గరగరగా ఉంది

ఇప్పుడు స్పీకర్‌ని అనుమానించవచ్చు. ముందు యాంప్లిఫైయర్ దగ్గర కుడి, ఎడమ వైర్లు మార్చండి. రోగం రెండో బాక్సుకి వెళ్తే తప్పు యాంప్లిఫైయర్‌దో దానికి వచ్చే కేబుల్‌దో. అదే బాక్సులో ఉండిపోతే బాక్సుది, లేదా దాని వైరుది.

సౌండ్ మూసుకుపోయినట్టుంటే పేపర్‌ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, ఇంకో కొస ట్వీటర్ ముందు పెట్టి వినండి. ఏమీ రాకపోతే అది కాలిపోయి ఉండొచ్చు. చిన్న యాంప్లిఫైయర్‌ని పగిలిపోయేంత వాల్యూమ్‌లో తోలినప్పుడు ట్వీటర్లే ముందు పోతాయి.

గరగర అయితే ముందరి జాలీ తీసి వూఫర్ అంచు చూడండి. 1980లు, 90ల నాటి బాక్సుల్లో చాలావాటికి ఆ అంచు ఫోమ్‌తో ఉండేది. తేమకీ వయసుకీ అది పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచులు చాలాకాలం ఉంటాయి. ఫోమ్ పోయినంత మాత్రాన వూఫర్ పారేయక్కర్లేదు, కొత్త రింగు అంటిస్తే సరిపోతుంది. అంచు బాగానే ఉండి, కోన్‌ని రెండువైపులా వేళ్లతో సమంగా మెల్లగా నొక్కినప్పుడు లోపల రాపిడి తెలిస్తే కాయిల్ రుద్దుకుంటోందని అర్థం, దానికి రీకోనింగ్ (కోన్, కాయిల్ కొత్తవి వేయడం) చేయించాలి. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో మొదలుపెట్టి అడగండి. ఒక బాక్సుకే ఫోమ్ పోయినా రెండింటికీ ఒకేసారి మార్పించుకోవడం మేలు. రెండోదాని ఫోమ్ వయసు కూడా అంతే, పైగా వేర్వేరు రకాల రింగులు పడితే రెండు వూఫర్ల బేస్ ఒకేలా ఉండదు.