పాత స్లాబ్ కంకరతో ఇంటి ముందు సిమెంటు బాట వేయడం ఎలా?

తిరుపతిలో పాత ఇల్లు పడగొట్టగానే శిథిలాలను ట్రాక్టరుకెత్తి ఏ చెరువులోనో దింపేస్తారు. అందులోని కంకర బంగారంలాంటిది. కొత్త కంకర కోసం కొండలు కొట్టడమెందుకు?

స్లాబ్, బీమ్ ముక్కలే తీసుకోండి. ఇటుకలు, టైల్స్, జిప్సమ్ సీలింగ్ ముక్కలు ఏరేయండి. కమ్మీలు లాగేసి క్రషర్లో ఆడించి 20 ఎంఎం జల్లెడ పట్టండి. జల్లెడ దిగిన కంకరలోంచి సన్న పొడిని వేరుచేయండి. దాన్ని కాంక్రీటులో కలపొద్దు, బాట కింద ఫిల్లింగుకు వాడండి. మూడు గంపల కొత్త కంకరకు ఒక గంప పాతది. కమ్మీ లేని కాంక్రీటుకు కంకర, ఇసుకల భారత ప్రమాణం ఐఎస్ 383 ఒప్పుకునేది కూడా 25 శాతమే.

ఇక అందరూ పాడుచేసేది నీళ్ల దగ్గరే. పాత కంకర ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి, రాయిని అంటుకుని బూడిదరంగు సిమెంటు పొర ఉంటుంది. దానిమీద నీటి చుక్క వేస్తే చూస్తుండగానే లోపలికి పోతుంది. మన గ్రానైటు కంకర నూటికి ఒక వంతు నీళ్లు కూడా తాగదు, ఇది ఐదారు వంతులు తాగుతుంది. పొడి కంకర వేస్తే సిమెంటు బస్తాకు సుమారు రెండు లీటర్లు అదే లాగేస్తుంది. మాలు గట్టిపడగానే కూలీ ఒక బకెట్ గుమ్మరిస్తాడు. అక్కడితో బాట బలం పోయినట్టే. మా బంధువుల ఇంటి ముందు ఇలాగే జరిగి, ఏడాది తిరక్కుండా పైపొర పెచ్చులూడింది.

అందుకని ముందురోజే డ్రమ్ములో 24 గంటలు నానబెట్టండి. పైపైన తడిపితే చాలదు. తర్వాత గోనెపట్టా మీద నీడలో ఆరబోయండి. ముక్క తడిగా కనిపించాలి, అరచేతిలో పట్టుకుంటే నీరు అంటకూడదు. అదే అదను. నీరు కారుతుండగా వేస్తే మాలు పలచనవుతుంది. ఎండలో వదిలేస్తే నానబెట్టింది వృథా. మే నెలైతే పని తెల్లవారుజామునే మొదలుపెట్టాలి, ఇందులో రాజీ లేదు.

మిగతాది మామూలే. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లు, బస్తాకు 25 లీటర్ల నీళ్లు, నాలుగంగుళాల మందం. చేత్తో కలపొద్దు, మిక్సర్ తెప్పించండి. గట్టిపడ్డాక, మర్నాటికి ఆలస్యం కాకుండా, ఎనిమిది అడుగులకొకచోట అంగుళం లోతు కోత పెట్టించండి. పదిరోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచండి. కారు మాత్రం 28 రోజుల తర్వాతే ఎక్కించండి.