గది అలంకరణ – 3వ పాఠం: నచ్చిన రంగుల్ని లెక్కపెట్టడం

మొదటి పాఠంలో గది కొలతలు గీశారు, రెండో పాఠంలో నచ్చిన బొమ్మలు ఒక కవర్లో పోగేశారు. ఆ కవరు ప్రస్తుతానికి అల్మారాలో పెట్టేయండి. అందులోవి చాలావరకు ఫొటో కోసం సర్దిన గదులు. ఛార్జర్ వైర్లు, నీళ్ళ సీసా, ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టల మూట కెమెరాకు కనబడకుండా తీసేసినవి. ఈ పాఠంలో ఒక వస్తువునో గోడనో కళ్ళతో చూసి, అందులోంచి మన గదికి పనికొచ్చేది రాబట్టడం నేర్చుకుందాం.

ఏదైనా చూడగానే బాగుందనిపిస్తే అందులో రెండు సంగతులుంటాయి: ఏ రంగులు ఉన్నాయి, ఏది ఎంత ఉంది. మొదటిది అందరూ పట్టుకుంటారు. రెండోది వదిలేస్తారు, గది చెడేది అక్కడే.

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినప్పుడు (శుక్రవారం సెలవు) బిద్రీ పాత్రల దగ్గర పావుగంట ఆగండి. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసి, చెక్కిన గాడిలో వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచే పని అది. మట్టి ఆ జింకు మిశ్రమాన్నే నల్లగా మారుస్తుంది, వెండి జోలికి పోదు. చాలా పాత్రల్లో నలుపే ఎక్కువ, వెండి సన్నటి తీగ. కొన్నిట్లో తలకిందులు: వెండి రేకు పరుచుకుని, నలుపు పువ్వుల గీతగా మిగులుతుంది. రంగులు అవే రెండు, కానీ ఈ రెండు పాత్రలూ చూడ్డానికి ఒకదానికొకటి పోలిక ఉండవు. నలుపూ వెండీ బాగున్నాయి కదా అని ఇంట్లో సగం సగం దింపితే చదరంగం బల్ల తయారవుతుంది.

పాళ్ళు తెలుసుకోవడానికి గళ్ళు వేసి లెక్కపెట్టాలి. చార్మినార్‌కు దగ్గర్లో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా (మొహర్రం సంతాపాలు జరుపుకునే చోటు) ఉంది. కుతుబ్‌షాహీల నాటిది, దాని గోడల పింగాణీ పలకల పని 1611 నాటిది. నీలం, ఆవపసుపు, ఆకుపచ్చ, తెలుపు ఒకే గోడ మీద కలిసి ఉన్నా కళ్ళకు గజిబిజి అనిపించదు. అభ్యాసానికి ఇంతకంటే మంచి గోడ ఊళ్ళో వెతుక్కోనక్కర్లేదు. అది ప్రార్థనా స్థలం కాబట్టి చెప్పులు బయట వదిలి, అక్కడివాళ్ళను అడిగి ఫొటో తీయండి. మొహర్రం రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

ఫొటో తీసేటప్పుడు ఫ్రేము మూలన ఒక తెల్ల కాగితం కనబడాలి. ఫోను తనంతట తానే రంగులు సవరిస్తుంది; కాగితం తెల్లగా కాకుండా పసుపుగానో నీలంగానో వస్తే మిగతా రంగులూ అంతే తప్పాయని అర్థం. దీనికన్నా నమ్మకమైన పద్ధతి పెయింట్ షాపులోని షేడ్ కార్డు అడిగి తీసుకెళ్ళడం. ఎండ తగలని చోట, పగటి వెలుతురులో కార్డును గోడకు దగ్గరగా పట్టుకుని (ఆనించకండి, పాత పలకలు) దగ్గరి షేడు నంబరు రాసుకోండి.

తర్వాత ఫొటోను 4×6 అంగుళాల సైజులో ప్రింటు తీయించండి. అందులో 10 సెంటీమీటర్ల చదరం గీసి, సెంటీమీటరుకొక గీత చొప్పున అడ్డంగా, నిలువుగా గీయండి. 100 గళ్ళు వస్తాయి. ఒక్కో గడిలో ఎక్కువున్న రంగు ఏదో దాని అక్షరం రాయండి. సగం సగం అనిపించే గళ్ళ దగ్గర తల బద్దలుకొట్టుకోవద్దు, ఏదో ఒకటి రాసి ముందుకు పోండి. లెక్క ఇలా తేలిందనుకుందాం: నీలం 46, తెలుపు 27, ఆవపసుపు 12, ఆకుపచ్చ 9, ఇటుకరంగు 6.

అంత దూరం వెళ్ళే తీరిక లేకపోతే బీరువాలోంచి ఒక చీర తీయండి. ఒళ్ళు, అంచు, పల్లూ అని నేసినవాళ్ళే పాళ్ళు తేల్చి ఇచ్చారు. చీర వెడల్పు 45 అంగుళాలు, రెండువైపులా నాలుగేసి అంగుళాల అంచు అయితే అంచు రంగు నూటికి 18. గద్వాల చీరలు దీనికి బాగా పనికొస్తాయి, ఒళ్ళూ అంచూ స్పష్టంగా విడిగా ఉంటాయి. పోచంపల్లిలో మాత్రం నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి రంగుల హద్దులు చెదిరినట్టుంటాయి. దాన్ని గళ్ళు వేసే లెక్కించాలి.

ఇక గది. 10×12 అడుగుల పడకగది, 10 అడుగుల ఎత్తు తీసుకుందాం. నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపు (3×7), కిటికీ (4×4) తీసేస్తే 403. నేల 120, సీలింగు 120. మొత్తం 643. సామాను లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఇది అంచనాయే, అయినా సరిపోతుంది.

నీలానికి 46 పాళ్ళంటే 296 చదరపు అడుగులు, దాదాపు మూడు గోడలు. ఇక్కడే చాలామంది పెయింటర్‌ను పిలిచేస్తారు. ఆగండి. మార్చలేని వాటి లెక్క ముందు తేలాలి: నేల, తలుపు చట్రాలు, వార్డ్‌రోబ్ లామినేట్. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో నేల ఎక్కువగా దంతపు రంగు టైల్స్, సీలింగు తెలుపు. ఆ రెండూ కలిపి 240, అంటే మీరు ఒక్క డబ్బా కూడా కొనకముందే నూటికి 37. మొదటి స్థానం తెలుపుది అయిపోయింది. కాబట్టి నీలం రెండో స్థానానికి దిగాలి, దానికి ఒక పొడుగు గోడ (120) చాలు. పాత ఇంట్లో తాండూరు రాయి ఉంటే లెక్క వేరు. ఆ నీలి బూడిద రంగు నేలలోనే నీలం వాటా చాలావరకు తీరిపోతుంది, గోడకు మళ్ళీ నీలం కొడితే గది చల్లబడి చిన్నబోతుంది.

ఆవపసుపుకు 12 పాళ్ళంటే 77 చదరపు అడుగులు. దీనికి పెయింటే అక్కర్లేదు. కర్టెన్లు వేసినప్పుడు కనబడేది 5×7, అంటే 35. క్వీన్ సైజు మంచం మీద దుప్పటి పైభాగం 32. రెండు దిండు గలీబులు 6, కాళ్ళ దగ్గర చిన్న పట్టా 4. సరిగ్గా 77. నచ్చకపోతే ఒక్క పూటలో మార్చేయొచ్చు, అందుకే గాఢమైన రంగులు ఎప్పుడూ బట్టలకే ఇమ్మంటాం.

గోడ రంగును మాత్రం పరీక్షించకుండా కొనొద్దు. 22×28 అంగుళాల తెల్ల చార్టు మీద, చుట్టూ అంగుళం తెలుపు వదిలి, నాలుగు గంటల తేడాతో రెండు కోటింగులు వేయండి. ఆ అంచు వదలకపోతే పాత గోడ రంగు పక్కన చేరి కొత్తదాన్ని తప్పుగా చూపిస్తుంది. కిటికీ పక్కన, కిటికీ ఎదురుగా, మూలన మార్చి మార్చి అంటించి ఉదయం 8కి, మధ్యాహ్నం 1కి, రాత్రి 8కి లైటు వేసి చూడండి. రాత్రి తేడా వస్తే బల్బు డబ్బా మీద వెలుగు రంగును చెప్పే కెల్విన్ (కె.) అంకె చూడండి: 6500 కె. ఉంటే పసుపు కాస్త ఆకుపచ్చగా తిరుగుతుంది, 3000 కె. ఉంటే నీలం మసకబారుతుంది. పగలే తేడా వస్తే కిటికీలోంచి చూడండి, పక్క బిల్డింగు గోడ రెండు గజాల దూరంలో ఆకుపచ్చగా ఉంటే ఆ ఛాయ మీ గదిలోకి వస్తోంది. షేడ్ కార్డు ముక్క మీద లేతగా కనబడిన రంగు గోడంతా పరిచేసరికి గాఢమవుతుంది, అందుకని రెండు మెట్లు లేత షేడుతో ఇంకో చార్టు కూడా వేసి ఉంచండి.

120 చదరపు అడుగులకు రెండు కోటింగులంటే పెయింటు రకాన్ని బట్టి 1 నుంచి 2 లీటర్లు. కొత్త పుట్టీ మీద ప్రైమర్ వేయకపోతే గోడ ఎక్కువ తాగుతుంది. మొత్తం ఒకేసారి కలిపించుకోండి, తర్వాత కలిపించిన లీటరు అచ్చంగా అదే రంగు రాకపోవచ్చు, మిషన్లో కలిపించిన డబ్బా షాపులు సాధారణంగా వెనక్కి తీసుకోవు.

వచ్చే పాఠం వెలుతురు గురించి. దానికోసం ఈ వారం రెండు పనులు: ఒక చీరకో గోడకో 100 గళ్ళ లెక్క, మీ గదిలో మార్చలేని వాటి చదరపు అడుగులు. రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి ఉంచుకోండి.