మల్కాజిగిరి దిక్కున మీ కాలనీ చరిత్ర రాయాలంటే

కాలనీ చరిత్ర రాయబోయేవాళ్ళు చాలామంది ఊరి పేరు దగ్గరే ఆగిపోతారు. మల్లికార్జునగిరే మల్కాజిగిరి అయిందని అందరూ చెప్తారు. రాసుకోండి, కానీ చివర "అంటారు" అని చేర్చండి. పేరు సంగతి అలా ఉంచి నేలను చూడండి.

ముందు పాత ఊరు ఎక్కడుందో పట్టుకోవాలి. బొడ్రాయి, హనుమాన్ గుడి, పోచమ్మ గుడి, చుట్టూ వంకర సందులు ఉంటే అది గ్రామకంఠం, అంటే పాత ఊరి ఇళ్ళున్న జాగా. రోడ్లు తిన్నగా, ప్లాట్లు ఒకే కొలతలో మొదలయ్యాయంటే అక్కడి నుంచి పొలం లేఅవుట్ అయిందన్నమాట. కట్ట మైసమ్మ గుడి కనిపిస్తే ఆగండి, ఆ పేరులోని కట్ట చెరువు కట్టే. సఫిల్‌గూడలో గుడీ ఉంది, చెరువూ ఉంది. మీ దగ్గర గుడి మిగిలి నీళ్ళు కనిపించకపోతే, 2000 ఆగస్టు వానల్లో ఏయే సందుల్లో నీళ్ళు నిలిచాయో అడిగి మ్యాపు మీద గుర్తు పెట్టండి. చెరువు హద్దు చాలావరకు అక్కడే బయటపడుతుంది.

తర్వాత కాగితాలు. ఇంటి నంబర్లను నమ్ముకోవద్దు, అవి మారుతూ వచ్చాయి. సర్వే నంబరు పట్టుకోండి. అది సేల్ డీడ్ చివర షెడ్యూల్‌లో ఉంటుంది. లింక్ డాక్యుమెంట్లను (అదే భూమి అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు) కొత్తదాని నుంచి పాతదానికి చదువుతూ పోతే, గజాల్లో అమ్మిన భూమి ఒకచోట ఎకరాలు, గుంటల్లోకి మారుతుంది (గుంట అంటే 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు). ఆ మార్పు జరిగిన తేదీ దగ్గరలోనే కాలనీ పుట్టింది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. పట్టాదారు పేర్లకు 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబరువారీ భూమి రికార్డు), ఇంకా వెనక్కి వెళ్ళాలంటే సేత్వార్ (మొదటి సర్వే నాటి రిజిస్టరు) చూడాలి.

ఇక్కడ రెండు పొరపాట్లు మామూలు. ఒకటి, అందరూ పిలిచే పేరునే రెవెన్యూ గ్రామం అనుకోవడం. పోస్టల్ అడ్రసులో మల్కాజిగిరి అని ఉన్నంత మాత్రాన సర్వే నంబరు ఆ గ్రామానిది కానక్కర్లేదు, షెడ్యూల్‌లో గ్రామం పేరు వేరేగా రాసి ఉంటుంది. రెండు, ఇప్పటి జిల్లా పేరుతోనే వెతకడం. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016లో వచ్చింది. అంతకు ముందు రంగారెడ్డి, 1978కి ముందు హైదరాబాద్ జిల్లా. ఫైలు ఆ పాత పేరు కిందే ఉంటుంది. మున్సిపాలిటీ కాగితాలైతే 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడక ముందువి, తర్వాతివి వేరువేరుగా అడగాలి.

పాత సంవత్సరాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో ఉండేది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. అది అక్టోబరు మొదట్లో ఆజర్ నెలతో మొదలవుతుంది కాబట్టి అక్టోబరు-డిసెంబరు అయితే 590, ఆ తర్వాతి నెలలకు 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ మీద 1358 ఫసలీ అని ఉంటుంది, అది 1949 ఆగస్టు. దర్గా, మసీదు రాళ్ళ మీద మాత్రం సాధారణంగా హిజ్రీ. 1326 అని చెక్కి ఉంటే హిజ్రీ లెక్కన 1908, ఫసలీగా చదివితే 1916 అవుతుంది. ఎనిమిదేళ్ళు తప్పిపోతాం. గుడి శాసనంలో శక సంవత్సరం ఉంటే 78 కలపండి.

ఇక జనం ఎందుకొచ్చారన్నది. అసలు రుచి ఉన్న భాగం ఇదే. 1806లో సికిందరాబాద్ కంటోన్మెంటు, 1874లో రైలు, లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు, 1967లో ఈసీఐఎల్ (కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ). ఒక్కోటి ఒక్కో రకం మనుషుల్ని ఈ దిక్కుకు తెచ్చింది. కాలనీ పేర్లే చెప్తాయి: సైనిక్‌పురి మాజీ సైనికులది, ఏ.ఎస్.రావు నగర్‌కు ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు. మీ సందులో మొదటి పది ఇళ్ళవాళ్ళు ఏ ఉద్యోగం చేసేవారో రాయండి, సగం పని అయిపోయినట్టే.

పెద్దవాళ్ళను "ఏ సంవత్సరం?" అని అడిగితే అందాజాగా చెప్తారు. "అరవై తొమ్మిది ఉద్యమం నాటికి ఈ గోడ ఉందా పెద్దమ్మా? కరెంటు ముందా, నల్లా ముందా?" అని అడగండి. ముగ్గురిని విడివిడిగా కలవండి, ఒకచోట కూర్చోబెడితే గొంతు పెద్దదున్నాయన చెప్పిందే మిగతావాళ్ళూ చెప్తారు. గుడి రాయి ఫోటో పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయండి. అక్షరాల్లో సున్నం, రంగు పూయొద్దు.