బేసల్ ఇన్సులిన్ మారే ముందు చూసుకోవాల్సినవి

భోజనంతో సంబంధం లేకుండా ఒంట్లో నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేది బేసల్ ఇన్సులిన్. ఎన్‌పీహెచ్, గ్లార్జిన్, డెగ్లుడెక్ అందులో రకాలు. ఎన్‌పీహెచ్ నుంచి గ్లార్జిన్‌కో, గ్లార్జిన్ నుంచి డెగ్లుడెక్‌కో మారమని డాక్టరు రాసిచ్చినప్పుడు చీటీలో ఒక్క పేరే మారినట్టు కనిపిస్తుంది. దాంతోపాటు యూనిట్లు, వేసుకునే వేళ, సిరంజి లేదా పెన్ను, ఒంట్లో మందు నిలిచే కాలం కూడా మారిపోవచ్చు. షుగర్ పడిపోయేది ఎక్కువగా వీటిలో ఏదో ఒకటి పట్టించుకోనప్పుడే.

ముందు యూనిట్ల సంగతి. ఇన్సులాటార్డ్ లాంటి ఎన్‌పీహెచ్ రోజుకి రెండుసార్లు వేసుకుంటూ లాంటస్, బసాలాగ్ లాంటి మామూలు గ్లార్జిన్‌కి మారితే మొత్తం డోసులో 80 శాతంతో మొదలుపెడతారు. పొద్దున 18, రాత్రి 12 వేసుకునేవారికి మొత్తం 30 కదా, గ్లార్జిన్ 24 యూనిట్లు. ఎన్‌పీహెచ్ రోజుకి ఒక్కసారే అయితే సాధారణంగా అదే అంకె. లాంటస్ నుంచి మరింత చిక్కటి గ్లార్జిన్ అయిన టూజియోకి మారినా అదే అంకెతో మొదలవుతుంది. అయితే టూజియో పూర్తిగా పనిలోకి రావడానికి కనీసం 5 రోజులు తీసుకుంటుంది కాబట్టి మొదట్లో పరగడుపు షుగర్ కాస్త ఎక్కువగానే ఉంటుంది. తర్వాత కూడా చాలామందికి లాంటస్ కన్నా కొన్ని యూనిట్లు ఎక్కువే పడతాయి. వెనక్కి, అంటే టూజియో నుంచి లాంటస్‌కి వస్తే మళ్లీ 80 శాతమే: 40 వేసుకునేవారికి 32. ట్రెసిబాకి (డెగ్లుడెక్) మారే పెద్దవాళ్లకు చాలావరకు అంకెకు అంకే, పిల్లలకు మాత్రం 20 శాతం తగ్గిస్తారు. ఈ లెక్కలు డాక్టరు రాసిన అంకెను సరిచూసుకోవడానికే. చీటీలో అంకె వీటికి చాలా దూరంగా ఉంటే సూది పొడుచుకోకముందే ఫోన్ చేసి అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు ఇంకా తగ్గించి రాయడం మామూలే. మిక్స్‌టార్డ్ 30/70 వేసుకునేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. అందులో భోజనానికి పనిచేసే భాగం కూడా ఉంటుంది, దాన్ని ఆపేస్తే తిన్న తర్వాతి షుగర్‌కి ఏం చేయాలో విడిగా రాయించుకోవాలి.

ఇక సిరంజి. అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే. మన మెడికల్ షాపుల్లో ఎన్‌పీహెచ్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, దానికి ఎర్ర మూత సిరంజి. గ్లార్జిన్ సీసా 100 యూనిట్లది, దానికి నారింజ మూత సిరంజి. ఇంట్లో మిగిలిన ఎర్ర మూత సిరంజితో గ్లార్జిన్‌ను 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! తిరగేసి, 40 సీసా మందును నారింజ సిరంజిలో 20 దాకా లాగితే 8 యూనిట్లే వెళ్తాయి. అందుకే మందు మారిన రోజే పాత సిరంజిలన్నీ ఇంట్లోంచి తీసేయండి. పెన్ను పాడైందని అందులోని మందును సిరంజితో లాగొద్దు. టూజియోలో మిల్లీలీటరుకు 300 యూనిట్లు ఉంటాయి, నారింజ సిరంజిలో 20 గీత దాకా లాగితే 60 యూనిట్లు. పెన్ను మీద తిప్పిన అంకె మాత్రం అసలు యూనిట్లే, దాన్ని మూడుతో భాగించకండి.

కొత్త పెన్ను చేతికొచ్చాక ప్రతిసారీ కొత్త సూది పెట్టి, ముందు గాలి పోయేలా కాస్త మందు బయటికి నొక్కి చూడాలి: లాంటస్ సోలోస్టార్‌కి 2 యూనిట్లు, టూజియో సోలోస్టార్‌కి 3. చుక్క కనిపించాకే డోసు తిప్పండి. నొక్కాక వెంటనే సూది లాగేయొద్దు, లాంటస్‌కి పది లెక్కపెట్టండి. ఎన్‌పీహెచ్ తెల్లగా ఉంటుంది, అరచేతుల మధ్య దొర్లించి కలపాలి. గ్లార్జిన్, డెగ్లుడెక్ నీళ్లలా ఉండాలి, మబ్బుగా కనిపిస్తే పారేయండి. గ్లార్జిన్‌ను వేరే ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు.

మొదటి సూది పాత సూది వేళకే, పాతదాని బదులు వేసుకోవాలి. అలవాటులో పాతదీ కొత్తదీ రెండూ వేసేసుకుంటే ఆ రాత్రంతా రెండు మూడు గంటలకోసారి షుగర్ చూసుకోవాలి, డాక్టరుకు చెప్పాలి. ట్రెసిబా 42 గంటలకు పైగా పనిచేస్తుంది, తెల్లారితే గండం గడిచినట్టు కాదు.

మొదటి వారం పరగడుపున, పడుకునే ముందు, కనీసం రెండు మూడు రాత్రులు 3 గంటలకు షుగర్ చూసి రాసుకోండి. పరగడుపున 160 ఉందని మర్నాడే యూనిట్లు పెంచేయడం చాలామంది చేసే పొరపాటు. ట్రెసిబా నిలదొక్కుకోవడానికి 3-4 రోజులు పడుతుంది. రోజూ రెండేసి పెంచుకుంటూ పోతే అన్నీ కలిసి అయిదో రోజు ఒక్కసారిగా దించేస్తాయి. టైప్ 1 వాళ్లు మాత్రం బేసల్ ఒక్క పూట కూడా మానకూడదు.

పొట్ట మీద ఒకే చోట పొడిచి గట్టిపడిన గడ్డల్లోకి మందు సరిగా ఎక్కదు. మందు మారేటప్పుడే చోటు కూడా మారిస్తే అవే యూనిట్లు ఎక్కువ పని చేసి షుగర్ పడిపోతుంది. గడ్డలుంటే డాక్టరుకు ముందే చూపించండి, డోసు తగ్గించి రాస్తారు. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నా చెప్పాలి. శివరాత్రి ఉపవాసం, రంజాన్, తిరుమల నడక లాంటివి దగ్గర్లో ఉంటే మార్పు ఆ తర్వాతికి పెట్టుకోవడమే మంచిది.

షుగర్ 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి లేదా పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. చాక్లెట్, పాలకోవా వద్దు, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. తేరుకున్నాక రెండు ఇడ్లీలో, కాస్త అన్నమో తినాలి, మందు ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది మరి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

వాడుతున్న లాంటస్ 28 రోజులు, ట్రెసిబా 56 రోజులు పనికొస్తాయి, అదీ 30 డిగ్రీల లోపు ఉంటేనే. ఎండాకాలం మన ఇళ్లలో అది కుదరదు. ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుక పోసిన కుండలో ఇంకో చిన్న కుండ పెట్టి అందులో ఉంచవచ్చు. మొదలుపెట్టిన తేదీ పెన్ను మీద రాయండి. మిగిలిన పాత పెన్నులు ఫ్రిజ్‌లో కొత్తవాటి పక్కన ఉండకూడదు, అర్ధరాత్రి నిద్రమత్తులో చేతికి ఏది దొరుకుతుందో చెప్పలేం.