న్యూక్లియర్ మెడిసిన్ స్వయంబోధిని – 7వ పాఠం: టైము రాయని మెగాబెకరెల్

ఈ వారం గామా కెమెరాకు రోజువారీ ఫ్లడ్ (కెమెరా ముఖమంతా సమానంగా చూస్తోందా అని తేల్చే పరీక్ష ఫొటో) తీయడం చెప్పాలి. బొమ్మలు కూడా గీసి పెట్టుకున్నాను. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన రెండు లెక్కలకు మీ జవాబులు చూశాక ఆ కాగితాలు మడిచి సొరుగులో పెట్టాను. సిరంజిలో ఎంతుందో తెలియనివాళ్లకు కెమెరా బాగుందో లేదో చెప్పి ఏం లాభం?

మొదటి లెక్క గుర్తుందిగా. టెక్నీషియం ఇచ్చే జనరేటర్ నుంచి ఉదయం 6 గంటలకు 10 మిల్లీలీటర్లలో 8 గిగాబెకరెల్స్ టెక్నీషియం-99ఎం తీశాం (బెకరెల్ రేడియోధార్మికతకు కొలత, గిగా అంటే వెయ్యి మెగా). ఇది 6 గంటలకోసారి సగానికి తరుగుతుంది. 9 గంటలకు ఎంత మిగులుతుంది? సగానికి పైగా జనం 6 అని రాశారు. 6 గంటల్లో సగం పోతే 3 గంటల్లో పావు పోవాలి కదా అని మీ వాదన. అదే వాదనతో ఇంకాస్త ముందుకెళ్లండి: మధ్యాహ్నం 12కు 4, సాయంత్రం 6కు సున్నా. రాత్రి ఆ వయల్‌ను జేబులో వేసుకుని ఇంటికి పోవచ్చన్నమాట! నిజానికి సాయంత్రం 6కు ఇంకా 2 గిగాబెకరెల్స్ ఉంటుంది.

తరిగేది మొదట ఉన్నదాంట్లో వాటా కాదు, ఆ క్షణాన మిగిలినదాంట్లో వాటా. ఎక్కువ ఉన్నప్పుడు ఎక్కువ పోతుంది, అందుకే మొదటి 3 గంటల్లో పావు కంటే ఎక్కువే పోయింది. సరైన జవాబు 8 × 0.707, అంటే 5.66. ఈ 0.707 ఎక్కడిదని అడగకండి, సగానికి వర్గమూలం. 3 గంటల అంగ రెండుసార్లు వేస్తే సగం రావాలి కాబట్టి.

నా అడ్డదారి ఒకటి చెబుతాను. టెక్నీషియానికి గంటకు 0.89తో గుణిస్తూ పోండి. ఉదయం 11కు ఐదుసార్లు గుణిస్తే 4.47 వస్తుంది, కాలిక్యులేటర్ 4.49 అంటుంది. సిరంజి నింపేముందు మనసులో సరిచూసుకోవడానికి అది చాలు. రిజిస్టర్‌లో మాత్రం కాలిక్యులేటర్ అంకే రాయాలి. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 అయితే పది నిమిషాలకు 6 శాతం పోతుంది. ఈ రెండూ నోటికి వస్తే సాఫ్ట్‌వేర్ తప్పు అంకె చూపినప్పుడు మీకే అనుమానం వస్తుంది.

రెండో లెక్కలో తప్పు ఇంకో రకం. 11 గంటలకు బోన్ స్కాన్ పేషెంటుకు 740 మెగాబెకరెల్స్ ఎక్కించాలి, సిరంజి 8 గంటలకే నింపుతున్నాం, ఎంత నింపాలి? 523 అని రాసినవాళ్లు గుణించారు. భాగించాలి: 740ని 0.707తో భాగిస్తే 1047. తర్వాతి టైముకు వెళ్తే అంకె తగ్గాలి, వెనకటి టైముకు వస్తే పెరగాలి. జవాబు వచ్చాక ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే 523 అని ఎవరూ రాయరు. హైదరాబాద్‌లో నింపిన ఎఫ్‌డీజీ (ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెరలాంటి మందు) రోడ్డు మీద 5 గంటలు పోయి విజయవాడ చేరిందనుకుందాం. 109.8 నిమిషాల హాఫ్‌లైఫ్‌తో (సగం తరిగే టైముతో) చేరేది 15 శాతమే. కావలసినదానికి దాదాపు ఆరున్నర రెట్లు ఇక్కడే నింపి పంపాలి.

కాలిబ్రేటర్ (సిరంజిలో ఎన్ని బెకరెల్స్ ఉందో కొలిచే మిషన్) ఆన్ చేయడం, గ్లవ్స్, సిరంజి షీల్డ్, బ్యాడ్జ్ సంగతులు నేను చెప్పను, అవి తెలియకుండా మీరు హాట్ ల్యాబ్‌లోకి (మందు నింపే గదిలోకి) రాకూడదు. కాలిబ్రేటర్‌లో పొద్దున్నే సీజియం-137 సోర్స్ పెట్టి చూసే పరీక్ష గురించి మాత్రం ఒక మాట. ఆ అంకె ఉండాల్సిన దానికి 5 శాతం అటూ ఇటూ దాటకూడదు. ఉండాల్సింది అంటే సర్టిఫికెట్ మీదున్నది కాదు, ఈ రోజుకు తరిగి మిగిలినది. సీజియం హాఫ్‌లైఫ్ 30 ఏళ్లే కదా అని వదిలేస్తే, ఏడాదికి 2.3 శాతం చొప్పున మూడో ఏడు వచ్చేసరికి మిషన్ బాగానే ఉన్నా పరీక్ష తప్పుతుంది. మిషన్ చెడినా ఒక్కోసారి నెగ్గుతుంది, అది ఇంకా ప్రమాదం.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయానికొస్తాను: గడియారాలు.

ఒక పెట్ సెంటర్‌లో పనిచేసిన రోజుల్లో ఒక వారమంతా అందరి లివర్ ఎస్‌యూవీ (ఎక్కించిన మందుతో పోల్చి అవయవం ఎంత పట్టుకుందో చెప్పే అంకె) కాస్త ఎక్కువగా వచ్చింది. 2.2 ఉండాల్సిన చోట 2.4 దగ్గర. రిపోర్టులు రాసే డాక్టరుగారే పట్టుకున్నారు, 'అందరి లివర్లూ ఒకేసారి ఎందుకు వెలుగుతాయమ్మా?' అని. స్కానర్ క్యూసీ (నాణ్యతా పరీక్ష) చూశాం, కాలిబ్రేషన్ చూశాం, ఇంజినీరును పిలిచాం. చివరికి తేలింది, కాలిబ్రేటర్ గడియారం స్కానర్ గడియారం కంటే 12 నిమిషాలు వెనకుంది.

ఏం జరిగిందో అంచెలంచెలుగా చూడండి. నిజంగా 9:40కి సిరంజి కొలిచారు. కాలిబ్రేటర్ 9:28 అని అచ్చువేసింది. ఆ టైమునే స్కానర్‌లో కొట్టారు. స్కానర్ తన గడియారం ప్రకారం 10:40కి ఫొటో మొదలుపెట్టి, మందు 60 నిమిషాలు కాదు 72 నిమిషాలు తరిగిందని లెక్కగట్టింది. అంటే ఒంట్లో ఉన్న మందు అసలు కంటే 7 శాతం తక్కువ అనుకుంది. ఎస్‌యూవీ భాగాహారంలో ఆ అంకె కింద ఉంటుంది. కింద 7 శాతం తగ్గితే జవాబు దాదాపు 8 శాతం పెరుగుతుంది. మందులో తేడా లేదు, మనిషిలో తేడా లేదు. గడియారం వెనకుంది, అంతే. అదే గడియారం ముందుంటే లివర్ తగ్గి కనబడేది. టెక్నీషియం ఫొటోల్లో చాలావరకు ఇలాంటి అంకెలు తీయం కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి దాక్కుంటుంది, పెట్‌లో దాక్కోదు.

గోడ గడియారం, చేతి గడియారం, సెల్‌ఫోన్ మూడూ చూసి 'సుమారు పదిన్నర' అని రాసేవాళ్లను నేను హాట్ ల్యాబ్‌లో ఉంచను. స్కానర్ గడియారాన్నే రాజుగా పెట్టుకోవడం నా అలవాటు. మిగతావన్నీ సోమవారం పొద్దున దానికి కలపాలి. కంప్యూటర్లు నెట్‌వర్క్‌తో వాటంతటవే కలుస్తాయని ఐటీవాళ్లు అంటారు. కాలిబ్రేటర్ ఆ నెట్‌వర్క్‌లో ఉందో లేదో వాళ్లనే అడగండి.

ఇంజెక్షన్ తర్వాత ఖాళీ సిరంజిలో మిగిలినదానికీ ఇదే నీతి. 9:40కి 370 మెగాబెకరెల్స్ ఎఫ్‌డీజీ కొలిచారు, 9:52కి ఎక్కించారు, 9:58కి సిరంజిలో 11 మిగిలింది. 370 నుంచి 11 తీసేసి 359 అని రాయడం తప్పు, ఆ రెండు అంకెలూ రెండు వేర్వేరు టైములవి. రెంటినీ 9:52కు తెచ్చుకుంటే 343 నుంచి 11.4 పోయి 331.6. తేడా 27 మెగాబెకరెల్స్.

ఫ్లడ్ గురించి చోటు మిగల్లేదు. కోబాల్ట్-57 షీట్ వాడేవాళ్లు ఒక్కటి రాసి పెట్టుకోండి: హాఫ్‌లైఫ్ 272 రోజులు. కొన్న ఏడాదికి 39 శాతమే ఉంటుంది, అవే కౌంట్లకు రెండున్నర రెట్ల సేపు పడుతుంది. కెమెరా చెడిందని ఫోన్ చేయకండి. మిగతాది 8వ పాఠంలో.

అభ్యాసం. ఉదయం 8 గంటలకు 10 మిల్లీలీటర్లలో 3700 మెగాబెకరెల్స్ ఎఫ్‌డీజీ వచ్చింది. ఐదుగురు పేషెంట్లు, ఒక్కొక్కరికి 300. మొదటి ఇంజెక్షన్ 9కి, తర్వాత 45 నిమిషాలకొకటి. ఒక్కొక్కరికి ఎన్ని మిల్లీలీటర్లు? ఐదో మనిషి దగ్గర ఏమవుతుందో చూడండి. ఐదుగురికీ సరిపోవాలంటే ఇంజెక్షన్ల మధ్య ఎడం 45 నుంచి ఎన్ని నిమిషాలకు తగ్గించాలి? ఒక్కో సిరంజిలో 3 శాతం మిగిలిపోతుందనుకుని లెక్క మళ్లీ చేయండి. సాఫ్ట్‌వేర్ వాడొద్దు. ప్రతి అంకె పక్కనా టైము ఉండాలి, లేకపోతే దిద్దను.